కీర్తిశేషులు కదిరి వెంకటరెడ్డిగారు: కథారచనయందు వారు చూపిన త్రోవ

సంఘముల వార్షిక సంచికలలో దాతల చరిత్రములను, విద్యాపోషకుల చరిత్రములను, ప్రజాసేవకుల చరిత్రములను ప్రకటించుట చిరకాలముగ వచ్చుచున్న యాచారము. అది మంచి యాచారమే. పెద్దల నడవడి పిన్నలకు దారి చూపును. ఈ యేటి సంచికకు మేము చలనచిత్ర దర్శకు లొకరి చరిత్రమును గైకొంటిమి. వీరి కీర్తి రాతికట్టడములమీద లేదు. అది కాగితముమీద పుట్టి, వెండితెరమీద వెలిగి, జనుల జ్ఞాపకమున నిలిచినది. కె. వి. రెడ్డి యను పేరు వినని చిన్నవారు మన యిండ్లలో నుండవచ్చును గాని, తోటరాముని, నేపాళ మాంత్రికుని, ఘటోత్కచుని, మాయాశశిరేఖను ఎరుగని తెలుగువా రరుదు.

వీరు మనవారని చెప్పుకొనుట సులభము. పటమునకు పూలమాల వేయుట మరింత సులభము. వీరు పనిచేసిన తీరు నేర్చుకొనుట మాత్రము కష్టము. నేడు మన కుటుంబములలోని యువతీయువకులు పలువురు చలనచిత్రరంగమునకు పోగోరుచున్నారు. వారి పెద్దలలో కలిగినవారు కెమెరాలకును, నటులకును, సెట్టులకును వెచ్చించుటకు వెనుదీయరు. కథ వ్రాయుటకు ఒక యేడాది కాలమును, ఆ యేడాది గడచుటకు తగిన వేతనమును అడిగినచో మాత్రము కనుబొమలు ముడివేయుదురు. వెంకటరెడ్డిగారి జీవితమంతయు ఈ లోపమునకు సమాధానము. కావున వారి చరిత్రమును సంగ్రహముగ చెప్పి, వారి చిత్రములనుండి కథారచనకు పనికివచ్చు పాఠములను కొంత విస్తరముగ చెప్పుట మా సంకల్పము.

జననము, విద్య

కదిరి వెంకటరెడ్డిగారు 1912వ సంవత్సరము జూలై 1వ తేదీన అనంతపురము జిల్లా తాడిపత్రిలో జన్మించిరి. పెన్నయొడ్డున నున్న ఆ పట్టణము శిల్పసంపద గల దేవాలయములకు ప్రసిద్ధి కెక్కినది. వీరి బాల్యమిత్రులలో మూలా నారాయణస్వామిగా రొకరు. ఆ చెలిమి తరువాత వీరి జీవితమునే మలుపు త్రిప్పినది. రెడ్డిగారు మదరాసున భౌతికశాస్త్రము చదివి పట్టము పుచ్చుకొనిరి. కొలతయు, లెక్కయు, ప్రయోగమునకు ముందే పథకమును సిద్ధపరచుకొనుటయు ఆ శాస్త్రము నేర్పు గుణములు. అవి వీరి కళలో చివరివరకు కనబడును.

వాహినిలో ప్రవేశము

1938లో హెచ్. ఎం. రెడ్డిగారి దర్శకత్వమున 'గృహలక్ష్మి' వెలువడిన పిమ్మట, బి. ఎన్. రెడ్డిగారు వాహిని సంస్థను స్థాపించిరి. మూలా నారాయణస్వామిగారు దానికి ఆర్థికముగ నండగా నిలిచిరి. వెంకటరెడ్డిగారు చిత్రరంగమున మొదట కుదిరినది డబ్బు లెక్కలు చూచు క్యాషియరు పనిలో. 'వందేమాతరము' (1939), 'సుమంగళి' (1940), 'దేవత' (1941) తయారగుచుండగా వీరు చిత్రనిర్మాణమునందలి యంగములను దగ్గరనుండి గమనించు భాగ్యమును పొందిరి. ఏ దృశ్యమునకు ఎంత ఫిల్ము పోయినది, తీసినదానిలో ఎంత భాగము కత్తెరపాలైనది, ఏ తొందరపాటు ఎన్ని రూపాయల నష్టము తెచ్చినది యను సంగతి లెక్కలు చూచువానికి తెలిసినట్లు మరియొకనికి తెలియదు.

భక్తపోతన చిత్రముతో, 1942-43 సంవత్సరముల సంధిలో, వీరు దర్శకులైరి. సముద్రాల రాఘవాచార్యులుగారు రచన చేసిరి. చిత్తూరు నాగయ్యగారు పోతన పాత్రను ధరించిరి. భాగవతమును రాజున కంకితము చేయుటా, రామున కంకితము చేయుటా యను ఒక్క ప్రశ్నమీద ఆ కథ నిలిచినది. భక్తికథలందు సాధారణముగ మహిమలు వరుసగా పేర్చబడును. ఇందు బీదరికము ఒకవైపున, రాజసమ్మానము రెండవవైపున నిలువగా, కవి తన మాటమీద నిలుచునా యను ఆతురత ప్రేక్షకుని కూర్చుండబెట్టినది. చిత్రము గొప్ప విజయము పొందినది.

1947లో 'యోగివేమన' వెలువడినది. వేమన యోగియైన విధమును చూపుటలో రెడ్డిగారు ఉపదేశమును ఆశ్రయింపలేదు. భోగలాలసుడై, స్వర్ణవిద్యపై మరులుగొన్న వేమన బంగారమునకై ప్రాకులాడుచుండగా, ఇంటియందు తాను ప్రాణముగ చూచుకొను అన్నగారి బిడ్డ కన్నుమూయును. బంగారమున కొనరానిది ఏదియో ఆ క్షణమున అతనికి తెలియును. ఎవ్వరును ఒక్క హితవాక్యమైన చెప్పనక్కరలేదు. ఈ చిత్రమునకు ప్రశంస లభించినంతగ ధనము లభింపలేదు. కాని వేమనను తనవానిగ చెప్పుకొను మన సంఘము ఈ చిత్రమును ప్రత్యేకముగ స్మరింపవలయును. కులగర్వమును, డాంబికమును నిర్దయగ గర్హించిన మహాకవి వేమన. ఆయనను మనవాడని చెప్పుకొనునపుడెల్ల ఆయన మందలింపును కూడ మనము వినవలసియుండును.

మొదటి పాఠము: కెమెరాకు ముందు కాగితము

రెడ్డిగారి పద్ధతి యిట్టిది. కథను రచయితతో కూర్చుండి నెలల తరబడి చర్చించుట, దృశ్యములుగ విభజించుట, సంభాషణలు సమస్తము వ్రాయించుట, అవి చదివించి గడియారముతో కాలమును కొలుచుట. ఇదంతయు ముగిసి గ్రంథము కుట్టుబడిన తరువాతనే చిత్రీకరణ. స్టాప్‌వాచి వీరి చేతియందు ఆభరణమువలె ఉండెడిదని తోడివారందరు నెరుగుదురు. ఒకసారి కాగితముమీద నిశ్చయమైన మాటను చిత్రీకరణ స్థలమున మార్చుట వీరికి సమ్మతము కాదు.

స్టాప్‌వాచి ఏల యని చదువరు లడుగవచ్చును. ఆ కాలపు ఫిల్ము కెమెరాలో సెకనుకు 24 బొమ్మల చొప్పున నడచును. ఒక అడుగు ఫిల్మునకు 16 బొమ్మలు. కావున నిమిషమునకు 90 అడుగులు ఖర్చగును. వేయి అడుగుల రీలు సుమారు 11 నిమిషములలో ముగియును. మూడు గంటల చిత్రమునకు పదునారువేల అడుగులు దాటును. యుద్ధకాలమున ముడిఫిల్మునకు కరవు వచ్చినది. తరువాతను అది విదేశమునుండి తెప్పించుకొనవలసిన వస్తువే. దృశ్యము నాలుగు నిమిషములకు వ్రాసి, ఆరు నిమిషములు తీసి, రెండు నిమిషములు కోసివేసినచో పోవునది ఫిల్ము మాత్రమే కాదు. నటుల శ్రమయు, దీపముల విద్యుత్తును, సెట్టు అద్దెయు పోవును. అంతకుమించి కథయొక్క తూకము చెడును. ముందుగ కొలిచినవానికి ఏ దృశ్యము బరువెక్కినదో, ఏది తేలిపోయినదో కాగితముమీదనే తెలియును. లెక్కలు వ్రాసిన చేయియు, భౌతికశాస్త్రము చదివిన బుద్ధియు ఇచ్చట కలసి పనిచేసినవని మా యభిప్రాయము.

నేడు ఫిల్ము లేదు. ఎంత తీసినను అదనపు ఖర్చు లేదను భ్రమ యువకులలో ప్రబలినది. కొలత లేని కథ ఏ యంత్రముతో తీసినను కొలత లేనిదే యగును.

రెండవ పాఠము: నాయకుని కోరికయు, దాని వెలయు

1951లో నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయా సంస్థ రెడ్డిగారి దర్శకత్వమున 'పాతాళభైరవి'ని వెలువరించినది. పింగళి నాగేంద్రరావుగారు రచయిత. నందమూరి తారకరామారావుగారు తోటరామునిగ, ఎస్. వి. రంగారావుగారు నేపాళ మాంత్రికునిగ నటించిరి. 1952లో మన దేశమున జరిగిన ప్రథమ అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ఈ చిత్రము ప్రదర్శింపబడెను.

కథ మన కాశీమజిలీ కథల వాసన గలది. తోటమాలి కొడుకు రాజకుమార్తెను ప్రేమించును. తనతో సమానమైన సంపద తెచ్చినచో పిల్లనిత్తునని రాజు నియమము పెట్టును. అదే సమయమున పాతాళభైరవి ప్రతిమను సాధించుటకు సాహసియైన యువకుని బలి యీయ గోరి మాంత్రికుడు వెదకుచుండును. ఒకనికి సంపద కావలెను. వేరొకనికి బలిపశువు కావలెను. ఇద్దరి కోరికలును ఒకే గుహయొద్ద కలియును. బలి కావలసిన రాముడు నిజము తెలిసికొని మాంత్రికునే బలి యిచ్చును. అడిగినదెల్ల నిచ్చు ప్రతిమ అతని చేత చిక్కును.

చదువరులు రెండు సంగతులు గమనింపవలయును. రామునికి పుట్టుకతో ఏ మహిమయు లేదు. అతనికున్నవి ధైర్యము, తెలివి, తల్లిపై భక్తి. కావున ప్రేక్షకుడు తానే రాముడని తలపోయగలడు. ఇది మొదటిది. ఇక రెండవది: ప్రతిమ దొరకినంతనే కథ ముగియలేదు. మాంత్రికుడు శిష్యునివలన మరల బ్రతుకును. పెండ్లిపీటలమీదనుండి వధువును, మేడను మాయము చేయును. సులభముగ వచ్చినది సులభముగ పోవునని ఎవరును చెప్పరు, కథయే చూపును. ఈసారి ప్రతిమ శత్రువు చేతనున్నది. రాముడు తన తెలివితోడనే గెలువవలసియుండును. నాయకునికి మొదట సాధనమునిచ్చి, పిమ్మట దానిని లాగికొని, అతడెంతవాడో పరీక్షించుట కథకుని ధర్మము.

మూడవ పాఠము: పరదేశపు విత్తనము, మన నేల

ఇతర భాషలనుండి కథను తెచ్చుట తప్పు కాదు. తెచ్చిన తీరును బట్టి తప్పొప్పులు నిర్ణయింపవలయును. 1949లో వచ్చిన 'గుణసుందరి కథ'కు మూలబీజము షేక్స్‌పియరు వ్రాసిన 'కింగ్ లియర్' నాటకము. అందు ముసలిరాజు ముగ్గురు కుమార్తెలను తమ ప్రేమ యెంతటిదో చెప్పుమనును. కడగొట్టు కూతురు పొగడ్త పలుకలేక తండ్రి యాగ్రహమునకు గురియగును. పింగళివారును రెడ్డిగారును ఆ బీజము మాత్రమే గైకొనిరి. గుణసుందరి, వివాహమైన స్త్రీకి భర్తయే సర్వస్వమని చెప్పి తండ్రికి కోపము తెప్పించును. రాజు ఆమెను కురూపియైన దైవాధీనమునకు కట్టబెట్టును. అటనుండి కథ మన అవ్వలు చెప్పు కథల బాటను పట్టి మహేంద్రమణి వెదకులాటగ సాగును. లియర్ కథ విషాదాంతము. గుణసుందరి కథ శుభాంతము. ఆంగ్లనాటకము పేరు వినని పల్లెటూరి స్త్రీ దీనిని తన యింటి కథగ చూచినది.

1954లో వచ్చిన 'పెద్దమనుషులు' నార్వే దేశపు నాటకకర్త ఇబ్సెన్ రచించిన 'సమాజస్తంభములు' అను నాటకముయొక్క ప్రేరణ గలది. డి. వి. నరసరాజుగారి సంభాషణలు దీనితోడనే తెరకెక్కినవి. పురపాలకసంఘ చైర్మనుగ జనుల నమస్కారములందుకొను ధర్మారావు లోలోపల చేయు ఘోరములు ఈ కథకు విషయము. నార్వే ఓడరేవు పట్టణమును ఆంధ్రదేశపు మునిసిపాలిటీగ మార్చుటకు పేర్లు మార్చినంతమాత్రమున చాలదు. అధికారము, గౌరవము, డబ్బు మన పట్టణములలో ఎట్లు చేతులు కలుపునో రచయితకును దర్శకునకును తెలిసియుండవలెను. ఇందు తిక్కశంకరయ్య పాత్ర వారి కల్పనాశక్తికి గుర్తు. రేలంగిగారు నటించిన ఈ పిచ్చివాడు ఊరివారెవ్వరును పలుకసాహసింపని నిజములను పలుకును. పిచ్చివాడు గనుక వానిని ఎవ్వరును దండింపరు. పిచ్చివాడు గనుకనే ఎవ్వరును నమ్మరు. దీనివలన నిజము మొదటినుండియు ఊరిలోనే యున్నను, వినువారు లేరని ప్రేక్షకునికి తెలియును. ఈ చిత్రము ఉత్తమ తెలుగు చిత్రముగ జాతీయ పురస్కారము నందుకొనినది. సంఘములయందు పెద్దరికము వహించు మన బోటివారు ఏటేట నొకసారి చూడదగిన చిత్రమిది.

1955లో వచ్చిన 'దొంగ రాముడు' అన్నపూర్ణా సంస్థకు మొదటి చిత్రము. దుక్కిపాటి మధుసూదనరావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు 1951లో స్థాపించిన ఆ సంస్థ, తమ ప్రథమ చిత్రమునకు రెడ్డిగారే దర్శకులు కావలెనని కోరి, వారికి తీరిక దొరకువరకు సంవత్సరములు వేచియుండినది. మంచి కథకునికై వేచియుండుట కూడ పోషకుల గుణమని ఈ సంగతి తెలుపుచున్నది.

నాలుగవ పాఠము: 'మాయాబజార్'

రెడ్డిగారి కథాశిల్పమునకు శిఖరము 1957 మార్చి 27వ తేదీన విడుదలయైన 'మాయాబజార్'. శశిరేఖాపరిణయ కథ వ్యాసభారతమున లేదు. అది జానపదులు, నాటకసమాజములవారు పెంచిన కథ. పింగళివారితో కూడి రెడ్డిగారు దానిని తిరిగి నిర్మించిరి. ఖర్చు అంచనాల కారణమున ఈ చిత్రనిర్మాణము నడుమ నిలిచిపోయి, మరల సాగినది. దీని నిడివి 184 నిమిషములు. అనగా సుమారు 16,500 అడుగులు. అందు వ్యర్థమైన దృశ్యమును చూపుట కష్టము.

మొదట, విడిచిపెట్టుట యనెడి విద్య. ఇది పాండవుల యింటి పెండ్లికథ. అయినను పాండవు లైదుగురిలో ఒక్కరును ఈ చిత్రమున కనబడరు. వారు జూదమున సర్వము కోల్పోయిన సంగతి ఇతరుల మాటలవలన, ఇతరుల ముఖములవలన మనకు చేరును. వారిని చూపినచో వారి దుఃఖము చూపవలసివచ్చును. అపుడు కథ అరణ్యపర్వమగును గాని పెండ్లికథ కాజాలదు. ఐదుగురు మహావీరులను తలుపు వెలుపలనే నిలిపిన ధైర్యము సామాన్యమైనది కాదు. అంతటి లోపమును ప్రేక్షకులలో పలువురు గుర్తింపకనే చిత్రమును చూచి ఆనందించిరనుట ఆ శిల్పమునకు గొప్ప మెప్పు.

తరువాత, ముందు నాటి పిమ్మట కోయుట. కథారంభమున రెండు వింత వస్తువులు కనబడును. ఒకటి ప్రియదర్శిని యను పేటిక. తెరచినవారికి తమ మనసునందలి ప్రియవస్తువు కనబడును. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, బలరామునికి దుర్యోధనుడు, శ్రీకృష్ణునికి శకుని కనబడుదురు. వినోదముగ తోచు ఈ ఒక్క దృశ్యమున రాబోవు కథయంతయు ఇమిడియున్నది. ప్రేమ ఎవరిది, ఆశ ఎవరిది, బలరాముని బలహీనత ఏది, అసలు శత్రువెవడు అను నాలుగు సంగతులును ప్రేక్షకుడు నవ్వుచునే తెలిసికొనును. రెండవ వస్తువు తనపై నిలిచినవానిచేత నిజము పలికించు పీఠము. దీనిని ప్రేక్షకుడు చూచును, నవ్వును, మరచును. రెండున్నర గంటలు గడచిన పిమ్మట, పెండ్లిపందిటిలో శకుని ఆ పీఠమెక్కి తన కుతంత్రమును తన నోటనే బయలుపెట్టును. అకస్మాత్తుగ ఆకాశవాణి పలికినచో ప్రేక్షకుడు మోసపోయితినని తలచును. ముందే చూచియున్న పీఠమగుటచేత తృప్తి చెందును.

మూడవది, రహస్యమును పంచుకొనుట. ఘటోత్కచుడు నిద్రించుచున్న శశిరేఖను మంచముతో కూడ తన తావునకు చేర్పించి, తాను శశిరేఖ రూపమున ద్వారకలో నుండును. ఈ సంగతిని ప్రేక్షకులనుండి దాచి, చివర బయలుపెట్టి ఆశ్చర్యపరచవచ్చును గదా! దర్శకుడట్లు చేయలేదు. ప్రేక్షకులకు ముందే తెలిపెను. కథలోని కౌరవులనుండి మాత్రమే దాచెను. ఆశ్చర్యమైనచో ఒక్క నిమిషముండును. రహస్యము తెలిసిన ప్రేక్షకుడు గంటసేపు నవ్వును. సావిత్రిగారు సుకుమారియైన శశిరేఖ దేహమున రాక్షసుని నడకను, మీసము దువ్వు చేతిని చూపినపుడెల్ల సభ గొల్లుమనుటకు కారణ మిదియే. ఆ నటన సావిత్రిగారిది. అట్టి నటనకు చోటు కల్పించినది రచన.

నాలుగవది, మిక్కిలి బలవంతుని వెనుకకు నిలుపుట. శ్రీకృష్ణుడు సర్వశక్తిమంతుడు. ఆయన తలచినచో కథ రెండు నిమిషములలో ముగియును. అందువలన కథకులు ఆయనచేత మాటలు తక్కువగ పలికించి, చిరునవ్వులు ఎక్కువగ నవ్వించిరి. అన్నగారియెడ గౌరవము ఆయనకు సంకెల. పనియంతయు ఘటోత్కచుడును, అతని అనుచరులును చేయుదురు. దేవుని కథ వ్రాయబూనినవాడు దేవునికి తగిన కట్టుబాటు నొకదానిని మొదట వెదకవలెను.

ఈ చిత్రమును 2010లో రంగులు దిద్ది మరల విడుదల చేసిరి. 2013లో ఒక ఆంగ్ల వార్తాచానలు దేశవ్యాప్తముగ నడిపిన ఓటింగునందు ప్రజలు దీనిని భారతదేశపు చిత్రములలోకెల్ల గొప్పదానిగ ఎన్నుకొనిరి. అప్పటికి దర్శకులు గతించి నలువది యేండ్లు గడచినవి.

తోడివారు, శిష్యులు

ఇంతవరకు రెడ్డిగారి పాఠములని మేము వ్రాసినవి యొక్కరి పాఠములు కావు. సముద్రాలవారు, పింగళివారు, నరసరాజుగారు, ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లీగారు, సంగీతకర్త ఘంటసాలగారు మొదలగువారి శ్రమ యిందు కలసియున్నది. వీరిలో మన సంఘమువారిని వెదకుట వ్యర్థము. రెడ్డిగారు కులమును చూచి కాక కలమును చూచి తోడివారిని ఎన్నుకొనిరి. వీరియొద్ద సహాయకులుగ పనిచేసిన సింగీతము శ్రీనివాసరావుగారు 1987లో 'పుష్పక విమానము' అను మాటలులేని చిత్రమును తీసి దేశమును మెప్పించిరి. మాట లేకయే కథ చెప్పుటకు మాటలన్నిటిని ముందే తూచిన గురువు శిక్షణ ఎంతగ నుపకరించియుండునో ఊహింపవచ్చును.

చివరి దినములు

'పెళ్ళినాటి ప్రమాణాలు' (1958), 'జగదేకవీరుని కథ' (1961), 'శ్రీకృష్ణార్జున యుద్ధము' (1963) వీరి తరువాతి చిత్రములు. 1965లో వచ్చిన 'సత్య హరిశ్చంద్ర' ఆశించిన ఆదరణ పొందలేదు. 1968లోని 'భాగ్యచక్రము', 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' చిత్రములకును అదే గతి పట్టినది. రంగుల చిత్రములు, కొత్త తరహా కథలు, తొందరగల నిర్మాతలు వచ్చిరి. నిన్న ఎదురుచూచినవారు నేడు ఎదురుపడుట మానిరి. పద్ధతి ఎంత గట్టిదైనను కాలపు రుచి మారినపుడు కథ కూడ మారవలెనని ఈ చిత్రములు తెలుపుచున్నవి. దీనిని దాచుట వారికి గౌరవము కాదు. స్టాప్‌వాచి కాలమును కొలుచును గాని, కాలము మారుటను ఆపజాలదు.

అట్టి దినములలో, పాతాళభైరవి నాటి ఋణమును తారకరామారావుగారు మరువలేదు. వారి కథానాయకత్వమున 1971లో వచ్చిన 'శ్రీకృష్ణ సత్య' రెడ్డిగారి తుది చిత్రమైనది. 1972వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన, అరువదియేండ్ల ప్రాయమున, రెడ్డిగారు స్వర్గస్థులైరి. ముప్పది సంవత్సరముల దర్శకజీవితమున వారు తీసిన చిత్రములు స్వల్పసంఖ్యాకములు. తొందరపడినచో అంతకు రెట్టింపు తీయగలిగియుందురు. అపుడు వాటిలో ఎన్ని నిలిచియుండునో చెప్పజాలము.

మా మనవి

మహాసభకు విచ్చేసిన సోదరీసోదరులకును, ఈ సంచికకు పోషకులైన మహాశయులకును మా మనవి యొక్కటి. మనము ఏటేట విద్యార్థులకు వేతనము లిచ్చుచున్నాము. వైద్యమునకు, ఇంజనీరింగునకు చదువువారికి ఇచ్చుచున్నాము. రచన చేయదలచిన యొక యువతికో, యువకునికో, కెమెరా ముట్టుకొనకుండ ఒక యేడాది కూర్చుండి కథను కడవరకు వ్రాయుటకు వేతన మిచ్చుట యేల కూడదు? ఆ కథ చిత్రమగునో కాదో మన మడుగనక్కరలేదు. అది కాగితముమీద పూర్తియైనదా, చదివి కొలిచిన తరువాతను నిలిచినదా యని మాత్రమే అడుగుదము. ఇచ్చునపుడు అడిగినవాని కులమును గాక కలమును చూతము. వెంకటరెడ్డిగారు చేసినది అదియే.

వ్రాయబూనిన యువజనులకు మేము చెప్పునదియు కొద్దియే. మీ నాయకుడు ఏమి కోరునో మొదటి రీలులోనే తెలుపుడు. కోరినదానికి వెల చెల్లింపనిండు. చివర కావలసినదానిని మొదటనే నాటుడు. అక్కరలేనివాడు ఎంతటి మహావీరుడైనను తలుపు వెలుపల నిలుపుడు. పరదేశపు విత్తనము తెచ్చినచో మన నీరు పోయుడు. వ్రాసినదానిని బిగ్గరగ చదివి, గడియారము ముందు పెట్టుకొని కొలువుడు. ఇవి పాటించినంతమాత్రమున ప్రతివాడును కదిరి వెంకటరెడ్డి కాజాలడు. పాటింపనివాడు మాత్రము చేతిలోని ధనమును, ప్రేక్షకుని కాలమును దుబారా చేయును.

తాడిపత్రిలో పుట్టి, లెక్కల పుస్తకమునుండి కథల పుస్తకమునకు నడచి, తెలుగువారి పిల్లలకు మూడు తరములుగ నవ్వును, వింతను పంచిపెట్టుచున్న ఆ మహాశిల్పి స్మృతికి మేము వినమ్రులమై నమస్కరించుచున్నాము. వారి పేరుమీద మన సంఘము ఎత్తవలసిన దీపము ఏదియో మహాసభవారే నిర్ణయింతురు గాక.